ఇంజను మూత

"బండికే దెబ్బ. మనుషులకేం కాలేదు," అన్నాడు భర్త, పలకరించడానికి వచ్చినవాళ్ళతో.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె వాళ్ళకి టీ ఇస్తోంది. కుడి చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది కాబట్టి ఎడమ చేత్తో ఒక్కొక్క గ్లాసే తెస్తోంది. పళ్ళెంలో పెట్టి తెస్తే ఒక్కసారిలో అయ్యే పనికి వంటింట్లోకీ వసారాలోకీ తిరుగుతోంది. నుదుటి మీద కుట్లున్నాయి. వచ్చినవాళ్ళు కుట్లు చూశారు, కట్టు చూశారు, గ్లాసు అందుకున్నారు. "మనుషులు దక్కారు, అదే పదివేలు," అన్నారు. తర్వాత అందరూ లేచి పెరటివైపు షెడ్డులోకి వెళ్ళారు బండిని చూడ్డానికి. అక్కడ చాలాసేపు నిలబడ్డారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

దారిలో ఆగిపోయిన కార్లనీ వ్యాన్లనీ కొక్కేనికి తగిలించి లాక్కొచ్చే పాత డీజిలు ట్రక్కు అది. మామగారి చేతిమీదుగా వచ్చింది. వెనకాల ఉండే క్రేను చెయ్యి తొండంలా ఉంటుందని ఇంట్లో అందరూ దాన్ని ఏనుగంటారు. ఆ రోజు ఏనుగు ఒక కారుని లాక్కుంటూ వానలో వాలు దిగుతోంది. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. భర్త బ్రేకు తొక్కాడు. ట్రక్కు ఆగబోయింది గానీ వెనకున్న కారు ఆగనివ్వలేదు. అది తోసిన తోపుకి ట్రక్కు పక్కకి తిరిగి కల్వర్టు గోడని కొట్టింది. భర్తకి బెల్టుంది. పక్క సీట్లో ఉన్న కారు యజమానికీ బెల్టుంది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. ఆమె వాళ్ళిద్దరి మధ్య ఇంజను మూత మీద కూర్చుని ఉంది. ముందు అద్దం గోడ తగిలి పగల్లేదు. ఆమె తగిలి పగిలింది.

ఆ మూత సంగతి చెప్పాలి. ఇలాంటి పాత ట్రక్కుల్లో ఇంజను క్యాబిన్ లోపలే, రెండు సీట్ల మధ్య ఉంటుంది. దాని మీద రేకు మూత. మూత మీద ఒక గోనెపట్టా పరిస్తే మనిషి కూర్చోవచ్చు. కూర్చోకూడదు, కానీ కూర్చోవచ్చు. కాసేపటికి వేడి పట్టాలోకి వస్తుంది, ఇంకాసేపటికి తొడల్లోకి వస్తుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గేరు మార్చినప్పుడల్లా మోకాళ్ళు పక్కకి తిప్పుకోవాలి. పెళ్ళైన కొత్తలో ఆమె మొదటిసారి ట్రక్కెక్కినప్పుడు సీటు మీదే కూర్చుంది. వెళ్ళేటప్పుడు కిటికీలోంచి గాలి, కబుర్లు. వచ్చేటప్పుడు ఆగిపోయిన కారు తాలూకు మనిషి ఎక్కాడు. "కొంచెం ఆ మీదకి జరుగు. ఆయన కస్టమరు," అన్నాడు భర్త. ఆమె జరిగింది. ఆ జరగడం జరగడం మళ్ళీ ఇవతలికి రాలేదు.

ఎందుకు వెళ్ళేది అంటే, ఫోను తీసేది ఆమే కాబట్టి. అవతల మగగొంతయితే ఎక్కడ ఆగింది, ఏమైంది చెప్పి పెట్టేస్తారు. ఆడగొంతయితే అన్నీ చెప్పాక ఒక క్షణం ఆగి, "ఎవరొస్తారండీ?" అని అడుగుతుంది. ఏం తెలుసుకోవాలని అడుగుతున్నదో ఆమెకి తెలుసు. "మా ఆయనా నేనూ వస్తున్నామమ్మా," అంటుంది. అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినపడుతుంది. అప్పుడామె పొయ్యి మీది గిన్నె దింపి, జుట్టు ముడేసుకుని, వెళ్ళి మూత మీద కూర్చుంటుంది. అక్కడికి చేరాక దిగి, వెనక వచ్చే బండ్లకి కనపడేలా ముక్కోణం బోర్డు పెడుతుంది, చక్రాల కింద చెక్కలు వేస్తుంది, భర్త కొక్కెం తగిలిస్తున్నంతసేపూ ఏడుస్తున్న పిల్లనో విసుక్కుంటున్న ముసలావిడనో పట్టుకుంటుంది. ఆగిపోయిన బండ్ల దగ్గర మొగుళ్ళు పెళ్ళాల్ని తిడుతూ ఉంటారు, కారు చెడగొట్టింది వాళ్ళే అయినట్టు. ఆమెని చూసి గొంతు తగ్గిస్తారు. ఇదంతా పని అని ఎవరూ అనలేదు. "మీ ఆవిడ కూడా వస్తుందేంటి?" అని ఎవరైనా అడిగితే భర్త నవ్వి, "ఇంట్లో కూర్చుంటే తోచదు, షికారుకొస్తుంది," అనేవాడు. ఆమె కూడా నవ్వేది. షికారు కాదని చెప్పాలంటే మరేమిటో చెప్పాలి. దానికి పేరు లేదు.

బీమా సర్వేయరు వచ్చినప్పుడు అందరూ షెడ్డులోనే ఉన్నారు. ఆయన నలిగిన క్యాబిన్ చుట్టూ తిరిగి, ఫొటోలు తీసి, "బండిలో ఎంతమంది?" అని అడిగాడు.

"ఇద్దరం. నేను, కారాయన," అన్నాడు భర్త.

సర్వేయరు ఆమె కట్టు వైపు చూశాడు.

"మెట్ల మీంచి జారింది," అంది అత్తగారు, ఎవరూ అడక్కముందే.

సర్వేయరు తలెత్తి ఇంటిని చూశాడు. పైన అంతస్తు లేదు. గుమ్మం ముందు ఒక రాతిపలక ఉంది. దాని మీంచి పడితే చెప్పు కూడా తెగదు.

"ఇక్కడ కాదు, చుట్టాలింట్లో," అన్నాడు భర్త.

"మెట్లు దిగేటప్పుడు జాగ్రత్తమ్మా," అన్నాడు సర్వేయరు. చెడ్డవాడేం కాదు. ఆయనకీ ఆ పూట ఇంకా చూడాల్సిన బండ్లున్నాయి.

"అలాగేనండీ," అంది ఆమె.

ఆయన వెళ్ళాక భర్త వంటింట్లోకి వచ్చాడు. "ఏమనుకోకు. రెండు సీట్ల బండిలో ముగ్గురం అంటే చిల్లిగవ్వ రాలదు," అన్నాడు. "నాకు తెలుసు," అంది ఆమె. నిజంగానే తెలుసు. బండి బాగుపడకపోతే ఇల్లు గడవదనీ తెలుసు. ఏమీ అనుకోలేదు. కానీ ఆ మెట్లు ఇంట్లోంచి పోలేదు. అత్తగారు ఫోనులో అందరికీ అవే చెప్పింది, ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి చెప్తే దొరికిపోతామని. చెప్పగా చెప్పగా ఆవిడకే నమ్మకం కుదిరి, "చూసుకుని దిగక్కర్లేదూ?" అని కోడల్ని ఒకసారి కసిరింది కూడా. కుట్లు విప్పే నర్సు ఎలా తగిలిందని అడిగితే ఆమె నోట్లోంచి కూడా మెట్లే వచ్చాయి. "ఎన్ని మెట్లు?" అంది నర్సు, మాటవరసకి. ఆమె లేని మెట్లని తలుచుకుని లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. కుట్లు విప్పడం అయిపోయింది.

పాత సామాన్లు కొనే వ్యాపారి వచ్చి ఏనుగుని ఇనప తూకానికి అడిగాడు. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా. చచ్చినదానికీ మంచి ధరే ఇస్తాను," అన్నాడు. "చావనిస్తే కదా నువ్వు కొనేది," అన్నాడు మేస్త్రి. మామగారి కాలంనుంచీ ఆ ట్రక్కుని చూసుకుంటున్న మెకానిక్కు ఆయన. రేడియేటరు వెనక్కి నొక్కుకుపోయి ఫ్యానులో దిగింది. ముందు ఇరుసు వంగింది. ఛాసిస్ రెండు కమ్ముల్లో ఒకటి వంకర తిరిగింది. స్టీరింగు పెట్టె చీలింది. క్యాబిన్ ఇక పనికిరాదు. వ్యాపారి దగ్గరే తుప్పుపడుతున్న ఇంకో ట్రక్కు నుంచి క్యాబిన్ విప్పి తెచ్చారు. ఇంజను మాత్రం దెబ్బ తినలేదు. మేస్త్రి దాని మీద చెయ్యి వేసి, "గుండె గట్టిది," అన్నాడు. భర్తది ఒకటే మాట. ఎలా ఉండేదో అలాగే రావాలి. నాన్న నడిపినప్పుడు ఎలా ఉందో అలాగే.

పని మొదలైంది. ఎడమ చెయ్యి ఉంది కదా అని విప్పిన నట్లూ బోల్టులూ ఆమె ముందు పోశారు. తొట్టిలో డీజిలు పోసి, వాటిని బ్రష్షుతో కడిగి, ఏ చోటివి ఆ చోటివే డబ్బాల్లో వేసేది. మధ్యలో లేచి అందరికీ వంట. సబ్బుతో ఎంత కడిగినా చేతికి డీజిలు వాసన పోలేదు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకున్నప్పుడల్లా తెలిసేది. "అన్నంలో వాసనొస్తోందే," అంది అత్తగారు. "నా చేతిది అత్తయ్యా, అన్నంది కాదు," అంటే, "ఆ చేత్తోనే కదా వండావు," అంది. లైటు పట్టుకునే పని కూడా ఆమెదే. "ఇటు పెట్టు. అటు కాదు, ఇటు. నేను చూసేచోట పెట్టమంటే నువ్వు చూసేచోట పెడతావేంటి?" అనేవాడు భర్త, బండి కింద పడుకుని. ఆమె తిప్పేది. తను చూసేచోట లైటు పెట్టుకునే పని ఏదైనా ఈ ఇంట్లో తనకుందా అని, చెయ్యి నొప్పెట్టేదాకా నిలబడి వెతికేది.

చేతి కట్టు విప్పిన తర్వాత బ్రేకుల్లో గాలి తీసే పని వచ్చింది. గొట్టాలు విప్పి బిగించినప్పుడు లోపల గాలి చేరుతుంది, అది ఉంటే బ్రేకు పట్టదు. చక్రం దగ్గర ఒకరు మర వదులు చేస్తుంటే, పైన క్యాబిన్లో ఒకరు కూర్చుని పెడలు తొక్కాలి, చెప్పినప్పుడే వదలాలి. క్యాబిన్లో ఇంకా సీట్లు లేవు. ఒక చెక్కపెట్టె బోర్లించి ఆమెని కూర్చోబెట్టారు.

"తొక్కు," అన్నాడు భర్త కింద నుంచి.

"తొక్కాను."

"పట్టుకో. వదలకు, వదలకు... ఆఁ, వదులు. మళ్ళీ."

"ఈ పనికి చెప్పినట్టు వినే మనిషి కావాలి," అన్నాడు మేస్త్రి. "మా ఆవిడని కూర్చోబెడితే, నాకే తొక్కమని చెప్తావా అని దిగి వెళ్ళిపోయింది. ఆ బండికి ఇప్పటికీ బ్రేకుల్లేవు."

ఆమె నవ్వి, కాలు పెడలు మీదే ఉంచి, తల తిప్పి వెనక్కి చూసింది. సీట్లున్నప్పుడు కనపడని చోటు ఇప్పుడు కనపడింది. ఇంజను మూతకీ క్యాబిన్ వెనక రేకుకీ మధ్య, ఈ వైపు నుంచి ఆ వైపుదాకా ఖాళీ. పాత క్యాబిన్లో అక్కడ పనిముట్ల పెట్టె ఉండేది. మామగారు రేకు కోసి, తన చేత్తో అతికించుకున్న పెట్టె. గుద్దినప్పుడు ఒక మూల నొక్కుకుపోయింది. దాన్ని భర్త ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రోజూ పని అయ్యాక కూర్చుని, కింద చెక్క పెట్టి, చిన్న సుత్తితో కొట్టి కొట్టి మూల మళ్ళీ సాపు చేశాడు. ఆమె చెయ్యి చాపి ఆ ఖాళీని జానలతో కొలిచింది. మూడు జానలు దాటింది. మనిషి పట్టేటట్టే ఉంది.

"ఈ వెనకాల ఒక సీటు వేస్తే బాగుంటుంది కదా. బెల్టుతో," అంది.

"ఎవరికి?" అన్నాడు భర్త, చక్రం దగ్గర్నుంచి.

"నాకు."

కింద పానా ఆగింది. "నీకు సీటెందుకే? నువ్వు మన మనిషివి కదా," అన్నాడు.

అది వెటకారం కాదు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమె దాన్ని పట్టుకుని ఆలోచించింది, కాలు పెడలు మీద పెట్టుకుని. పరాయివాళ్ళకి సీటు, మన మనిషికి మూత. పరాయివాళ్ళకి కొత్త కప్పు, మన మనిషికి అంచు విరిగింది. చుట్టాలొస్తే మంచం వాళ్ళది, మన మనిషి నేల మీద. మన మనిషి అంటే లెక్కలోకి రానివాళ్ళని అర్థం కాబోలు, లెక్కపెట్టక్కర్లేనంత దగ్గరివాళ్ళని. సొంత చేతికి ఎవరైనా వేరే సీటు వేస్తారా? సర్వేయరు అడిగినప్పుడు భర్త అబద్ధం చెప్పాననుకుని ఉండడు. ఎంతమంది అంటే ఆయనకి ఇద్దరే గుర్తొచ్చి ఉంటారు, ఆ తర్వాతే ఆమె గుర్తొచ్చి ఉంటుంది. ఇలా అనుకున్నాక ఆమెకి కోపం రాలేదు.

"అమ్మాయి నీ ఏనుగు మీద అంబారీ కట్టించమంటోందిరా!" అన్నాడు మేస్త్రి. వెల్డింగు చేసే అతను కూడా ఇవతలికి వచ్చి నవ్వాడు.

"పెట్టె ఎక్కడ పెట్టను? నెత్తిన పెట్టుకుని నడపనా?" అన్నాడు భర్త, తనూ నవ్వుతూ.

"వెనక బల్ల మీద పెట్టొచ్చు, క్రేను పక్కన."

"వానకి తుప్పు పడుతుంది."

"నాకు..." అంది ఆమె. వాక్యం అక్కడే ఆగింది. నాకు తుప్పు పట్టదనా?

"సరే, చూద్దాంలే. తొక్కు," అన్నాడు భర్త.

తొక్కింది.

ఆ పూట వసారాలో గింజలు ఏరుతూ అత్తగారంది, "ఏమిటో సీటంటున్నావట. నేనూ ఆ మూత మీదే కూర్చున్నాను. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు కూడా కూర్చున్నాను. చచ్చానా?"

"చావలేదత్తయ్యా."

"మరి?"

ఇద్దరూ గింజలు ఏరారు.

వెల్డింగు అతను క్యాబిన్ నేలకి రంధ్రాలు చేసే రోజున, "రెండు సీట్లకే కదండీ?" అని గట్టిగా అడిగాడు. ఆమె డబ్బాల దగ్గర్నుంచి, "మూడు," అంది. డ్రిల్లు మోతలో ఎవరికీ వినపడలేదు, లేదా వినపడింది. రెండు సీట్లకే చేశాడు. తర్వాత రంగు వేశారు. పెట్టె తన చోటికి వెళ్ళి కూర్చుంది, సాపు చేసిన మూల కనపడకుండా వెనక రేకువైపు తిప్పి.

సీట్లు కుట్టించి తెచ్చిన రోజు భర్త ఇంకో మూట కూడా తెచ్చాడు. వంటింట్లోకి వచ్చి, "కళ్ళు మూసుకో," అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని మూసుకుంది. తెరిచేసరికి పీట మీద ఒక మెత్త ఉంది. ఇంజను మూత ఆకారానికి కోసి, సీట్లకి వేసిన రెక్సినుతోనే కుట్టి, జారకుండా నాలుగు మూలలా పట్టీలు. "లోపల వేడి ఆపే పట్టా వేయించాను. స్పాంజి సీట్లకంటే దీనికే దళసరి. కుట్టేవాడు కుదరదన్నా అక్కడే కూర్చుని కుట్టించాను," అన్నాడు. "ఇంక కాలదు నీకు. చూడు, నొక్కి చూడు."

ఆమె నొక్కి చూసింది. అంచు వెంట రెండు వరసల కుట్టు. ఎక్కడా వంకర లేదు. తనకోసమని ఒక వస్తువు కొలతపెట్టి కుట్టించడం ఆయన ఇంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. అంటే వేడి సంగతి ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళూ ఆమె చెప్పలేదు, అయినా గమనించాడు. బాగుందా అంటే బాగుందంది, నిజంగా బాగుంది. కష్టం అక్కడే వచ్చింది. చెడ్డ మనిషైతే ఎదురు తిరగొచ్చు, మెత్త కుట్టించి తెచ్చినవాడికి ఏమని ఎదురు తిరగాలి? ఆయన వేడి గురించి ఆలోచించాడు. అద్దం గురించి ఆలోచించలేదు. ఆమె మాత్రం బండి గుద్దిన రోజునుంచీ రోజూ అద్దం గురించే ఆలోచిస్తోంది. తల తగలడం గుర్తులేదు. తగలబోయేముందు పట్టుకోవడానికి రెండు చేతులూ చాపిందనీ, ఎటు చాపినా ఏమీ దొరకలేదనీ గుర్తుంది.

ఏనుగు లేచింది. డీజిలు లైన్లో గాలి తీసి, మేస్త్రి తాళం తిప్పితే మూడుసార్లు దగ్గి, షెడ్డంతా పొగ నింపి నిలబడింది. భర్త స్టీరింగు మీద తల ఆనించుకుని కాసేపు ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం, అన్నాలైన తర్వాత, మొదటి ఫోను వచ్చింది. ఆడగొంతు. ఊరవతల పెద్దరోడ్డు మీద కారు ఆగిపోయింది, తనూ కూతురూ ఉన్నారు, ఇంజను తిరగడం లేదు. ఆమె వివరాలు అడిగింది. ఆ మాటలు విని భర్త అప్పుడే వెళ్ళి క్యాబిన్లో కూర్చున్నాడు. సరదాగా హారన్ కొట్టాడు.

"ఎవరొస్తారండీ?" అంది అవతలి ఆమె.

"మా ఆయన వస్తారమ్మా."

"ఒక్కరేనా? భార్యాభర్తలిద్దరూ వస్తారని చెప్పి మీ నంబరిచ్చారు మా ఆఫీసులో."

ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి ట్రక్కుని చూసింది. తెరిచిన తలుపులోంచి మెత్త కనపడుతోంది, పట్టీలు బిగించి.

"నేను రావడానికి బండిలో సీటు లేదమ్మా," అంది, కుళాయిలో నీళ్ళు రావడం లేదన్నట్టుగా. "ఆయన మంచివారు. ఇరవై నిమిషాల్లో వస్తారు. మీవాళ్ళెవరికైనా చెప్పారా?"

"మా తమ్ముడికి చెప్పాను."

"మంచి పని చేశారు. తలుపులు లోపలినుంచి వేసుకుని కూర్చోండి. తమ్ముడు వచ్చేదాకా నేను ఫోను దగ్గరే ఉంటాను, ఎప్పుడైనా చెయ్యండి."

ఫోను పెట్టేసరికి భర్త కిటికీలోంచి తల బయటపెట్టి ఉన్నాడు. "సీటు లేదంటావేంటి? ఎక్కు."

"ఎక్కను. మీరు వెళ్ళి రండి. పెద్దరోడ్డు మీద, పెట్రోలు బంకు దాటాక, తెల్ల కారు."

"కోపమా?"

"కోపం కాదు. వచ్చేటప్పుడు మళ్ళీ మూతే కదా. దాని మీద కూర్చోను, అంతే."

"మెత్త వేయించాను కదే. ఇన్నేళ్ళూ కూర్చోలేదూ?"

"కూర్చున్నాను. అద్దంలోంచి బయటకి కూడా వెళ్ళాను." గొంతు పెంచలేదు. మేస్త్రి చేతిలో పానా పట్టుకుని అటు తిరిగాడు. అత్తగారు వసారాలో లేచి నిలబడింది. "నేను ఏ మెట్లూ దిగలేదండీ," అంది ఆమె.

భర్త గేరు వేశాడు. ఏనుగు వెళ్ళిపోయింది.

అది మలుపు తిరిగాక ఆమె వెళ్ళి రాతిపలక మీద కూర్చుంది. కారులో తలుపులు వేసుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. తను వెళ్ళి ఉంటే ఆ మనిషి ఈపాటికి ఊపిరి వదిలేది. తన పంతానికి ముక్కూ మొహం తెలియనివాళ్ళని రోడ్డు మీద ఉంచానా అనుకుంది. మెత్త మీద కూర్చుని వెళ్ళొచ్చి, రేపటినుంచి మానేసి ఉంటే ఏం పోయేది అనుకుంది. కానీ రేపు కూడా ఎవరో ఒకరు కారులో తలుపులు వేసుకుని కూర్చునే ఉంటారు. ఎల్లుండీ ఉంటారు. వాళ్ళ భయం తీర్చడానికి తను రోజూ ఎక్కాలి, తన భయం మాత్రం తన ఒళ్ళోనే పెట్టుకుని. ఫోను చేసింది. తమ్ముడు దారిలో ఉన్నాడని చెప్పింది అవతలి ఆమె. కూతురు వెనక ఏదో పాట పాడుకుంటోంది. వాళ్ళు మాట్లాడుకున్నారు. ఏ ఆఫీసు, ఎంతమంది పిల్లలు. ఈ లోపల, "మీ బండి వచ్చిందండీ," అని అవతలి ఆమె పెట్టేసింది.

పొద్దు వాలకముందే ఏనుగు తిరిగొచ్చింది. కొక్కెం ఖాళీగా ఊగుతోంది. భర్త దిగి, వచ్చి ఆమె పక్కన రాతిపలక మీద కూర్చున్నాడు. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగలేదు.

"అద్దం అంగుళం దించి మాట్లాడింది," అన్నాడు. "తమ్ముడొస్తున్నాడు, వద్దులెండి, శ్రమ ఇచ్చాం అంది. ఆ పిల్ల నన్ను చూసి సీటు కిందకి దిగి దాక్కుంది. నేనేం చేశానని?"

"మీరేం చెయ్యలేదు."

"ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు నన్నలా చూడలేదు."

"ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ మిమ్మల్ని ఒక్కరినే చూడలేదు."

ఆమెకి గెలిచినట్టు అనిపించలేదు. జాలేసింది. తన మంచితనం తన ముఖంలో ఉందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది ఆయన పక్కన, ఇంజను మూత మీద కూర్చుని ఉండేది.

"నువ్వు వచ్చి ఉంటే..." అన్నాడు.

"వచ్చి ఉంటే, ఆ తల్లి సీట్లో కూర్చునేది. ఆ పిల్ల ఎక్కడ కూర్చునేది? నా ఒళ్ళో. మూత మీద." ఈ సంగతి ఆమెకి కూడా అప్పుడే తట్టింది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల్ని అలా కూర్చోబెట్టుకుందో.

భర్త గ్లాసు కింద పెట్టాడు.

వసారాలోంచి అత్తగారి గొంతు వచ్చింది, ఎవరికీ చెప్పనట్టు. "ఒకసారి ఇద్దరు కస్టమర్లు ఎక్కారు. ఒకడు సీట్లో, ఒకడు మూత మీద. నన్ను వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు మీ నాన్న. వాన. క్రేను స్తంభం పట్టుకుని కూర్చున్నా. ఇంటికొచ్చాక పెట్టె తెరిచి చూసి, పనిముట్లు తడవలేదు, నయం అన్నాడు." తర్వాత, "చావలేదులే," అంది.

మర్నాడు ఆమె లేచేసరికి షెడ్డులోంచి చప్పుడు వస్తోంది. వెళ్ళి చూస్తే పనిముట్ల పెట్టె నేల మీద ఉంది. భర్త దాని మీద టార్పాలిను కోసి కొలత చూస్తున్నాడు. ఆమెని చూసి తలెత్తలేదు. వెల్డింగు అతను టేపూ సుద్దముక్కా పట్టుకుని క్యాబిన్లో గొణుగుతున్నాడు.

"రంగంతా వేశాక ఇప్పుడా అండీ చెప్పడం? ముందే చెప్తే ఏం పోయింది?"

"ముందే చెప్పాను," అంది ఆమె.

"చెప్పింది. నేనే వినలేదు," అన్నాడు భర్త, టార్పాలిను వైపు చూస్తూనే. తర్వాత, "ఎక్కి కూర్చో. కొలత కావాలంట," అన్నాడు.

ఆమె ఎక్కింది. వెనకాల ఖాళీలో అడ్డంగా ఒక చెక్క పెట్టి ఉంది, సీటు ఎత్తుకి. దాని మీద కూర్చుంది. వీపు వెనక రేకుకి ఆనింది. వెల్డింగు అతను భుజం దగ్గర బెల్టు రావాల్సిన చోట సుద్దతో గీత గీశాడు. నడుముకి అటూ ఇటూ రెండు గీతలు గీశాడు.

"మోకాళ్ళు తగులుతున్నాయా అమ్మా?"

మూత అంచు మోకాళ్ళకి ఒత్తుకుంటోంది. బండి కదిలితే ఇంకా ఒత్తుకుంటుంది.

"కొంచెం తగిలినా సర్దుకుంటుందిలే," అన్నాడు మేస్త్రి కింద నుంచి. "సీటంటూ వస్తోందిగా."

"తగులుతున్నాయి," అంది ఆమె. "వెనక్కి జరపండి."

"వెనక్కంటే చోటు లేదమ్మా. ఈ వెనక రేకు కొయ్యాలి. కోసి, బయటకి గూడులాగా అతకాలి. కొత్త రంగు."

భర్త లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక రేకుని చూశాడు, ఆమె మోకాళ్ళని చూశాడు. వెల్డింగు అతను ఆయన ఏమంటాడో అని ఆయన వైపు తిరిగాడు.

"నన్నడగండి," అంది ఆమె. "కొయ్యండి."